మా నాయన నన్ను తిట్టలేదు

మా నాయన నా మరదలిని తిడుతుంటే నాకు కుళ్ళు పుట్టేది. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఎదుటివాళ్ళ నగ చూసి, ఇల్లు చూసి, వాళ్ళ పిల్లల మార్కులు చూసి కుళ్ళుకునేవాళ్ళను లోకం అర్థం చేసుకుంటుంది. ఒకరికి పడే తిట్లు చూసి, అవి తనకు పడటం లేదే అని లోలోపల ఉడికిపోయేదాన్ని ఏమంటారో నాకు తెలియదు.

మా నాయన చిత్తూరులో పెళ్ళిళ్ళకు వంట చేసే మేస్త్రీ. మా ఇంటి వెనక రేకుల షెడ్డు నిండా ఆయన సామానే. గంగాళాలు, అప్పట్లో నా ఎత్తున ఉండే గరిటెలు, మేము అండాలు అని పిలిచే పెద్ద పెద్ద పాత్రలు. చిన్నప్పుడు దాగుడుమూతలాడితే ఆ అండాల్లోనే దాక్కునేదాన్ని. ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి సెలవు రోజుల్లో ఆయన వెంట వంటకు పోవడం మొదలుపెట్టాను. అల్లం పొట్టు తీయడం, కొత్తిమీర తుంచడం, అరిటాకులు తుడవడం నా పని.

పొయ్యి దగ్గర ఉన్నప్పుడు మా నాయన నోట పెద్ద వాక్యాలు రావు. తే. ఊదు. కలుపు. దించు. చాలు. పో. ఇంతే. "నూనె కాగినాక బతిమాలుకుంటా కూసుంటే మాడిపోతాది" అనేవాడు. అదే మనిషి పెళ్ళివాళ్ళు వచ్చి పలకరిస్తే భుజం మీద తువ్వాలు తీసి, "వడ్డించమంటారా సామీ? ఇంకొంచెం సేపు ఆగితే బాగుంటాదేమో" అని ఎంతో నెమ్మదిగా మాట్లాడేవాడు. తనతో కలిసి వండేవాళ్ళకు ఒక మాట, కూర్చుని తినేవాళ్ళకు ఒక మాట. నేను మొదటి రకంలో ఉండేదాన్ని. పదకొండేళ్ళప్పుడు ఒకసారి పాయసం కలుపుతూ పెళ్ళికూతురి జడ చూస్తూ నిలబడిపోయాను. అడుగంటింది. "కండ్లు యాడ బెట్టుకోనుండావే గాడిదా!" అని మండపం అదిరేటట్టు అరిచాడు. ఏడ్చాను. వంట అయ్యాక మొదటి విస్తరి నా ముందరే వేసి, "తిను" అన్నాడు. అందులో బతిమాలడం లేదు, ఓదార్చడం లేదు. తిన్నాను.

మా నాయన చదివింది ఐదో తరగతి. నేను హైస్కూలుకు వచ్చాక నన్ను మాత్రం పొయ్యి దగ్గరికి రానివ్వకుండా చదివించాలని పట్టుబట్టాడు. నేను బీఎడ్ పూర్తి చేసిన ఏడు అమ్మ పోయింది. మరుసటి ఏడు తిరుపతి దగ్గర ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలిగా ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత పెళ్ళయింది, తిరుపతిలోనే కాపురం పెట్టాము. ఆ రోజుల్లోనే ఎప్పుడో మా నాయన మాట మారింది. ఏ రోజు మారిందో చెప్పమంటే చెప్పలేను. చిత్తూరికి పోతే "కూసో" అనే మనిషి "కూసోవచ్చు గదమ్మా" అనేవాడు. "తిను" అనే మనిషి "ఆకలేస్తే తినొచ్చు, నీ ఇష్టం" అనేవాడు. మొదట్లో అది నాకు గొప్పగానే ఉండేది. స్టాఫ్‌రూములో ఎవరైనా వాళ్ళ నాన్నల కోపాల గురించి చెబితే, "మా నాయన నన్ను ఒక్క మాట అనడు" అని మురిసిపోయేదాన్ని.

తమ్ముడికి పెళ్ళయ్యాక ఆ మురిపెం పోయింది.

మా తమ్ముడు మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వాడి భార్యది పలమనేరు. పాడి ఉన్న ఇల్లు. తెల్లారకముందే లేచి చలిలో ఆవుల కింద కూర్చుని పాలు పిండిన చేతులు ఆ పిల్లవి. పదో తరగతితో చదువు ఆపేసింది. పెళ్ళయిన మూడో వారం మా నాయన వంట చూడ్డానికని పోయింది. ఉడికిన అన్నం అండాను ఇద్దరు మగవాళ్ళు దించుతుంటే ఒకతని చెయ్యి జారిందట. ఈ పిల్ల కొంగు చేతికి చుట్టుకుని అంచు పట్టుకుందట. మా నాయన, "మే, గట్టిగా పట్టుకో! వదలాకు!" అని అరిచాడట. కోడలితో ఆయన నేరుగా మాట్లాడిన మొదటి మాట అదేనని తమ్ముడు ఫోనులో పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ నెల నుంచి ఆమె ఆయనకు కుడిభుజమైపోయింది. నేను ఎప్పుడు చిత్తూరికి పోయినా ఆ షెడ్డులో నుంచి "మే" అన్న కేక వినిపించేది. మా వైపు పెద్దవాళ్ళు ఆడపిల్లల్ని పిలిచే పిలుపే అది. నన్ను కూడా ఒకప్పుడు అట్లాగే పిలిచేవాడు. "మే, ఆ కారం పొడి జల్లించు." "మే, ఉల్లిగడ్డలు ఇట్లనా తరిగేది? నీ మొగం మండ, పక్కకి జరుగు." "తిన్యావా? తినకుండా తిరిగితే కాళ్ళిరగ్గొడతా." ఆమె ఏమీ అనుకునేది కాదు. "సరే మామా" అని మళ్ళీ పనిలో పడేది. ఒక్కోసారి తిరిగి అనేది కూడా. నేను గడప దగ్గర చేతిసంచీ పట్టుకుని నిలబడి ఉంటే మా నాయన గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, "రామ్మా. బస్సులో ఎండ తగిలిందేమో. ఆ ఫ్యాను కింద కూసోవచ్చు" అనేవాడు.

పదో తరగతి పిల్లలకు నేను ఏటా వాక్య భేదాలు చెబుతాను. 'చదువు' అంటే విధ్యర్థకం. 'మీరు లోపలికి రావచ్చు' అంటే అనుమత్యర్థకం. 'రేపు వాన రావచ్చు' అంటే సంభావనార్థకం. 'వస్తాడో రాడో' సందేహార్థకం. 'తప్పక వస్తాను' నిశ్చయార్థకం. పని ఒకటే, చెప్పేవాడి మనసు ఎటు మొగ్గుతుందో దాన్ని బట్టి వాక్యం పేరు మారుతుంది అని బోర్డు మీద రాయించేదాన్ని. ఆ ఏడు పాఠం రాసుకునే పుస్తకం వెనక పేజీలో ఒక గీత గీశాను. ఎడమ పక్క మా నాయన మరదలితో అన్న మాటలు, కుడి పక్క నాతో అన్న మాటలు. ఎడమ పక్క అన్నీ విధ్యర్థకాలు, నిషేధార్థకాలు. కుడి పక్క అన్నీ వచ్చులు, ఏమోలు, నీ ఇష్టాలు. కన్నకూతురిని నేనైతే, కూతురి మాటలు ఆమెకు పోతున్నాయి, నాకు పెళ్ళివాళ్ళ మాటలు వస్తున్నాయి. పిల్లల కాపీలు దిద్దే ఎర్రకలంతోనే రాశాను అదంతా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం ఒక్కో మాట రాస్తుంటే దొంగను పట్టుకున్నంత కసిగా ఉండేది.

మాఘమాసంలో ఒక ఆదివారం తిరుచానూరులో పెళ్ళి వంట ఒప్పుకున్నాడు మా నాయన. మా ఇంటికి దగ్గరే కదా, నేనూ వస్తాను అన్నాను. "ఆదివారం గదమ్మా, నీకు వీలుంటాదో లేదో" అన్నాడు. వీలుంటుందని గట్టిగా చెప్పి, పొద్దున్నే ఆటో ఎక్కి పోయాను. పాత నేతచీర కట్టుకున్నాను, జుట్టు ముడి వేసుకున్నాను. ఈసారి పని చేయాలి, చేసి చూపించాలి అని నా పట్టుదల.

మండపం వెనక వంటశాల. మూడు పొయ్యిలు మండుతున్నాయి. అమ్మవారి గుడి వైపు నుంచి పూలబుట్టలతో ఆడవాళ్ళు పోతూ మా పొగకు మొహం తిప్పుకుంటున్నారు. మా నాయన నన్ను చూసి సంతోషపడ్డాడు. మనిషిని పంపించి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించాడు.

"ఏం తరగాలి నాయనా?" అన్నాను.

"నువ్వు యాడ తరుగుతావులేమ్మా. ఈడ కూసోని సూస్తా ఉండొచ్చు."

మరదలు రెండో పొయ్యి దగ్గర సాంబారు చూస్తోంది. చెమటకు జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. "వదినా, వచ్చినావా" అని నవ్వింది. నేనూ నవ్వాను. కుర్చీలో కూర్చుని ఇద్దరినీ చూస్తూ గంటసేపు గడిపాను. మా నాయన కళ్ళెత్తకుండానే చెయ్యి చాపేవాడు. ఏమి కావాలో చెప్పేవాడు కాదు. ఆమె ఆ చేతిలో గరిటె పెట్టేది, ఇంకోసారి చింతపండు గిన్నె పెట్టేది. ఒక్కసారి కూడా పొరపాటు జరగలేదు. ఆ చెయ్యి ఒకప్పుడు నా వైపు చాచేవాడు. నా చూపు మంటల మీద లేదు, పాత్రల మీద లేదు. ఆ చేతి మీదే ఉంది.

మా నాయన సాంబారు అండా దగ్గరికి వచ్చి ఏదో చేసి, పెళ్ళివాళ్ళు పిలిస్తే బయటికి పోయాడు. మరదలు అప్పుడు కొబ్బరి తీసుకురావడానికి లోపలికి పోయి ఉంది. తిరిగి వచ్చి సాంబారు కలిపి, నా వైపు తిరిగింది.

"వదినా, మామ దీన్లో ఉప్పేసినాడా?"

నాకు తెలియదు. ఆయన అండా దగ్గర వంగడం చూశాను. చేతిలో ఏముందో చూడలేదు. తెలియదు అనాలి. పోనీ, వేశాడేమో అనాలి. ఆ రెండు మాటలూ నాలుక దాకా వచ్చాయి. కానీ 'ఏమో' అన్నానంటే నేను కుర్చీలో కూర్చున్న చుట్టాన్నే అని నా నోటితోనే ఒప్పుకున్నట్టు. ఆయన ఏం చేస్తాడో ఆమెకే కాదు, నాకూ తెలుసు అని చూపించుకోవాలి.

"లేదు, వెయ్యలేదు" అన్నాను. ఎంత స్పష్టంగా అన్నానంటే, పరీక్షలో నిశ్చయార్థకానికి ఉదాహరణగా రాసుకోవచ్చు.

ఆమె మారు మాట్లాడకుండా బాన నుంచి రెండు దోసిళ్ళ ఉప్పు తీసి వేసింది.

మా నాయన తిరిగి వచ్చి, అలవాటుగా సాంబారు చుక్కలు అరచేతిలో వేసుకుని నాకాడు. మొహం మారిపోయింది.

"మే! ఎవురే దీన్లో ఉప్పేసింది?"

"నేనే మామా."

"నేనేసి పోయినా గదే! నోరు పడిపోయిందా అడిగేదానికి? ముహూర్తం అయిపోతా ఉండాది, ఇంత మందికి ఏం పోస్తావు, నీ తలకాయ పోస్తావా? కడివెడు పాలు పిండినంత సులువనుకున్యావా వంటంటే?"

పనివాళ్ళందరూ ఆగిపోయారు. మరదలు తల తిప్పి నా వైపు ఒకసారి చూసింది. ఒక్కసారే. లేచి నేనే చెప్పాను అనడానికి ఒక్క క్షణం పడుతుంది. ఆ క్షణం గడిచిపోయింది.

"తప్పయిపోయింది మామా" అంది ఆమె.

"తప్పయింది, ఒప్పయింది, మళ్ళ సూద్దాం. ఆ సిన్న అండా కడుగు. సగం దాన్లోకి తియ్యి. కందిపప్పు ఎక్కించు. రేయ్, గుమ్మడికాయలు కొయ్యండి. మంట పెంచు. మే, సింతపండు పిసుకు, నిలబడాకు!"

ఆ తర్వాత అర గంట నేను మర్చిపోలేను. ఇద్దరూ ఒకే మనిషికి నాలుగు చేతులు ఉన్నట్టు పని చేశారు. నేను లేచి, "నేను పిసుకుతాను నాయనా" అన్నాను. ఆయన అంత హడావిడిలో కూడా గొంతు తగ్గించి, "వద్దులేమ్మా, సీర పాడైపోతాదేమో" అన్నాడు. మరదలు చింతపండు పిసుకుతోంది. నిజం చెప్పాలంటే, తప్పు చేసినందుకు బాధ కంటే ముందు నాకు వచ్చింది మళ్ళీ ఆ కుళ్ళే. నా తప్పుకు పడాల్సిన తిట్లు కూడా ఆమెకే పోయాయి.

భోజనాల వేళకు సాంబారు బాగుంది. ఎవరికీ ఏమీ తెలియలేదు. పెళ్ళికొడుకు తరఫు పెద్దాయన ఒకరు రెండోసారి పోయించుకున్నారు కూడా. సాయంత్రం వాళ్ళు సామానంతా వ్యానులో ఎక్కించుకుని చిత్తూరికి పోయారు. మరదలు వ్యాను ముందు సీటులో కూర్చుని నాకు చెయ్యి ఊపింది.

ఆ వారం తరగతిలో మళ్ళీ అదే పాఠం. 'వాన వస్తుంది', 'వాన వస్తుందేమో' అని రెండు వాక్యాలు బోర్డు మీద రాసి, తేడా ఏమిటని అడిగాను. కిటికీ పక్కన కూర్చునే పిల్ల లేచింది. "వాన రాకపోతే మొదటిది చెప్పినోళ్ళది తప్పు మేడం. రెండోది చెప్పినోళ్ళది తప్పు కాదు" అంది. పుస్తకంలో అట్లా లేదు. పుస్తకంలో దానికి ఒక పేరు మాత్రమే ఉంది. కూర్చోమని చెప్పి, నేను కాసేపు బోర్డు తుడుస్తూ నిలబడ్డాను. అబద్ధం ఆడలేదు, తెలియక అన్నాను అని ఆ ఆదివారం నుంచీ నాకు నేను చెప్పుకుంటున్నాను. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం నేనే ఎంచుకున్నాను. కిటికీ పక్క పిల్ల లెక్క ప్రకారం తప్పు నాదే.

మరుసటి ఆదివారం చిత్తూరికి పోయాను. మా నాయన ఎవరింటికో వంట మాట్లాడ్డానికి పోయాడు. తమ్ముడు డ్యూటీలో ఉన్నాడు. మరదలు వసారాలో కూర్చుని తెల్లగడ్డలు ఒలుస్తోంది. నేను పక్కన కూర్చుని, నాలుగు పాయలు ఒలిచి, చెప్పాను.

"ఆ రోజు నాయన ఉప్పు వెయ్యడం నేను చూడలేదు. చూడకుండానే వెయ్యలేదని చెప్పాను."

"నాకు తెలుసు వదినా" అంది తలెత్తకుండా.

"ఎట్లా తెలుసు?"

"నువ్వు సెప్పేటప్పుడు అండా వైపు సూడలా. నన్ను సూస్తా సెప్పినావు. నేనే రుచి సూసుకోవాల్సింది. వదిన సెప్పింది గదా అని ఏసేసినా."

"మరి నాయనతో ఎందుకు చెప్పలేదు?"

"సెప్పింటే ఏమయ్యేది? మామ నిన్నేమీ అనడు. నోరు మూసుకోని రెండు దినాలు అన్నం మానేస్తాడు. నన్నయితే తిట్టేసి మరిసిపోతాడు. ఆ పొద్దు సాయంత్రమే టీ పెట్టమని అరిసినాడు."

ఇంకేమైనా దాచి ఉపయోగం లేదనిపించింది. నాకు ఆమె అంటే కుళ్ళని చెప్పాను. ఆయన నిన్ను తిడుతుంటే నాకు కడుపు మండుతుంది అన్నాను. ఆమె చేతిలో తెల్లగడ్డ అట్లాగే పట్టుకుని నా మొహంలోకి చూసింది. తర్వాత నవ్వింది, కాని ఆ నవ్వు నిలవలేదు.

"నువ్వు ఫోన్ సేస్తే మామ ఏం సేస్తాడో తెలుసా? బనియన్ మీద ఉంటే లేసి సొక్కా ఏసుకుంటాడు. ఏసుకోని, గుండీలు పెట్టుకోని, అప్పుడు ఎత్తుతాడు. ఫోన్లో నువ్వు సూస్తావా ఏమన్నా? ఊరంతా మా టీచరమ్మ, మా టీచరమ్మ అంటాడు. నా గురించి ఒక్కరితో ఒక్క మంచి మాట సెప్పింది నేను ఇనలా. నాకు మాత్రం కడుపు మండదా వదినా?"

ఆ చొక్కా సంగతి నాకు తెలియదు. ఇద్దరమూ ఆ తెల్లగడ్డలన్నీ ఒలిచేదాకా కూర్చున్నాము. దగ్గరైపోయామని చెప్పను. ఎదురెదురుగా ఉన్న రెండు కొట్లవాళ్ళు ఒకరి బేరం ఒకరు తెలుసుకున్నట్టు ఉంది, అంతే.

మధ్యాహ్నం మా నాయన వచ్చాడు. చెప్పులు విప్పి, నన్ను చూసి, "వచ్చినావామ్మా, ఎంతసేపయింది" అన్నాడు. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చునేదాకా ఆగాను. తిరుచానూరు సంగతి మొత్తం చెప్పాను. మరదలు లోపల ఉంది, వింటోందని తెలుసు.

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"పోనీలేమ్మా. వంటల్లో అట్ల జరుగుతా ఉంటాది."

"ఆమెను అంత మంది ముందర అన్నావు కదా. నన్ను పోనీలే అంటావేం?"

"ఇంకేం అనమంటావు?"

"తిట్టు నాయనా. నేను చేసింది తప్పు. ఆమెను తిట్టినట్టే నన్నూ తిట్టు."

ఆయన నా వైపు అయోమయంగా చూశాడు. నిజంగానే ప్రయత్నం చేసినట్టున్నాడు, పెదవులు కదిలాయి. తర్వాత తల అడ్డంగా ఆడించాడు.

"నాకు రాదు మ్మా."

"చిన్నప్పుడు తిట్టలేదా?"

"అప్పుడు వేరే." తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నిన్ను సూసేదానికి వచ్చినారే, మీ అత్తగారోళ్ళు. ఆ పొద్దు గుర్తుండాదా నీకు? నేను వాళ్ళతో అంటా ఉండా, పిల్లకి ఉద్యోగం ఉండాది, వంట కూడా వస్తాది అని. నువ్వు నవ్వుతా, 'ఉండాది కాదు నాయనా, ఉంది అనాలి' అన్నావు. వాళ్ళు కూడా నవ్వినారు."

నాకు గుర్తు లేదు. ఆయన చెబుతుంటే గుర్తొచ్చింది. చాప, దాని మీద స్టీలు పళ్ళెంలో మిక్చరు, కొత్త ఉద్యోగం మత్తులో నేను. మా అత్తగారి అన్న, "ఇంట్లో కూడా పాఠమేనా టీచరమ్మా" అన్నాడు. అందరమూ నవ్వాము. మా నాయన కూడా నవ్వాడనే ఇన్నేళ్ళూ నా మనసులో ఉంది.

"అప్పుడు బాధపడ్డావా?"

"బాధ ఏముండాది? నువ్వు సదువుకున్నేదానివి, నువ్వు సెప్పింది సరే గదా. అప్పట్నుంచి నీతో మాట్లాడాలంటే మాట ఒకసారి లోపలే సూసుకుంటా. తప్పుందేమో, బాగుండాదో లేదో అని. తిట్టంటే సూసుకోకుండా రావాల మ్మా. సూసుకోని తిడితే అది తిట్టెట్లయితాది?"

ఆ మాట ఆయన కోపంగా అనలేదు, నిష్ఠూరంగా అనలేదు. పప్పు ఎందుకు ఉడకలేదో చెప్పినట్టు చెప్పాడు. నేను ఆయన్ను 'అనాలి' అన్నాను. ఆయన అదే పట్టుకుని ఇన్నేళ్ళు నా ముందర ఒక్కో మాటా తడుముకుంటూ మాట్లాడుతున్నాడు. నేను ఆ తడుముకోవడాన్ని ఎర్రకలంతో రాసుకుని, ఆమె నా వాటా ఎత్తుకుపోయిందని లెక్క కట్టాను.

"నాదే తప్పు నాయనా. నీకిష్టమొచ్చినట్టు మాట్లాడు" అన్నాను. ఏడుపు వచ్చింది. ఆయన కంగారు పడిపోయి, "ఏడవాకమ్మా, ఏడవాకు" అన్నాడు. లోపలి నుంచి మరదలు, "మామా, అన్నం పెట్టినా, లేసి రాండి ఇద్దురూ" అని కేక వేసింది. తిన్నాము. సాయంత్రం నన్ను బస్టాండులో ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడి, "ఊరు సేరినాక వీలయితే ఒక ఫోను సెయ్యొచ్చమ్మా" అన్నాడు. అలవాటు అట్లా ఒక్క పూటలో పోదు. చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంది. నేను చూస్తున్నానని గమనించి చేత్తో మూసుకున్నాడు.

ఇంటికి వచ్చి ఆ వెనక పేజీ చింపేశాను. దాంతో పోయిందనుకుంటే పొరపాటే. కుళ్ళు అట్లా చింపితే పోదు. ఇప్పుడు అది నా మరదలి మీదికి పోదు, అంతే. వేరే ఎటు పోవాలో తెలియక నాలోనే తిరుగుతూ ఉంటుంది.

ఈ ఏడు మా నాయనకు మోకాళ్ళు పట్టేశాయి. కాణిపాకంలో ఒక పెళ్ళి వంట ఒప్పుకుని, పెద్ద గరిటె మరదలి చేతికి ఇచ్చాడు. ఆమె పేరు మీద మొదటి వంట అది. ముందు రోజు ఆమె ఫోను చేసింది.

"వదినా, రేపు ఒక మనిషి తక్కువుండాది."

"స్కూల్లో అడగాలి. చూస్తాను. రావచ్చేమో."

"సూస్తా గీస్తా కాదు. రా."

సెలవు పెట్టి, తొలి బస్సుకు పోయాను. నేను పోయేసరికి పొయ్యిలు అంటించేశారు. నాకు కుర్చీ ఎవరూ వేయలేదు. మరదలు నా చేతిలో కత్తి పెట్టి, బీన్సు గుట్ట చూపించింది. పావుగంట తర్వాత వచ్చి, నేను తరిగినవి రెండు చేతిలోకి తీసుకుని చూసింది.

"ఏంది వదినా ఇది, బీన్సా, కట్టెపుల్లలా? సన్నగా కొయ్యి."

పక్కన కూరగాయలు కడుగుతున్న ఆడవాళ్ళు నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. నేను కావాలనుకున్నది ఇదేనా అని ఒక్క క్షణం కోపం వచ్చింది కూడా. బాగా తగులుతుంది తిట్టు. అది ఆమెకు పడుతుంటే చూసి కుళ్ళుకున్నప్పుడు ఆ సంగతి తెలియలేదు. సన్నగా కోయడం మొదలుపెట్టాను.

మా నాయన గోడ పక్కన కుర్చీలో ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాతో. పెళ్ళివాళ్ళలో ఎవరో పలకరిస్తే నన్ను చూపిస్తున్నాడు. "మా పాప. తిరుపతిలో టీచరు. తెలుగు సెప్తాది" అంటున్నాడు. మరదలు గరిటె తిప్పుతూ అది వింది. ఆమె మొహం ఒక్కసారి గట్టిపడటం నేను చూశాను. ఆ గట్టిపడటం నాకు బాగా తెలిసినదే.

అంతలో ఆమె, "మామా! మాటలు సాలు, వచ్చి రుచి సూడు" అని అరిచింది. ఆయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి, మాట మధ్యలోనే ఆపి, గబగబా లేచి పోయాడు. ఇద్దరూ అండా మీద వంగారు. ఆయన అరచేతిలో చుక్క వేసుకుని నాకాడు. ఆమె అడిగింది, ఆయన ఏదో చెప్పాడు, ఆమె కాదంది. ఆయన మళ్ళీ నాకి, సరేనన్నాడు. పొగలో రెండు తలలూ దగ్గరగా ఉన్నాయి.

తిరిగి పోతూ నా దగ్గర ఆగాడు.

"అమ్మా, సెయ్యి నొప్పి పుడితే ఆపొచ్చు."

"ఇంకా చాలా ఉన్నాయి నాయనా" అన్నాను.

ఆయన ఒక నిమిషం నిలబడి నా చేతులు చూశాడు. తర్వాత పక్కన ఉన్న ముక్కాలి పీట లాక్కుని, మోకాలు మెల్లగా మడిచి, నా ఎదురుగా కూర్చుని, ఒక గుప్పెడు బీన్సు తన ఒళ్ళో వేసుకున్నాడు.